ఎర్ర గీత

పేటలో మా ఇంట్లో రెండు మగ్గాలుండేవి. చీర అంచు ఎలా రావాలో ముందే గళ్ళ కాగితం మీద వేసుకునేవాళ్ళం. గడికి ఇన్ని పోగులని లెక్క. నల్ల గడి పట్టు, ఎర్ర గడి జరీ. ఇరవై ఏళ్ళకే ఎంత చిక్కు అంచునైనా ఆ కాగితం చూసి మగ్గం మీద దించేవాణ్ణి. వీధిలో ఎవరికి అనుమానం వచ్చినా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆ గర్వం నాకు బాగానే తలకెక్కింది.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో మా అక్కకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం మూడో వారంలో పడ్డాక జట్కాలో ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆమె మంచం కాళ్ళవైపు ఒక అట్టకు కాగితం తగిలించారు. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అవీ గళ్ళే. వాటి మీద నల్ల సిరాతో ఒక గీత, ఎర్ర సిరాతో ఒక గీత. నల్లది జ్వరమని నర్సు అమ్మకు చెబుతుంటే విన్నాను. ఎర్రది ఏమిటో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. గళ్ళ కాగితం చదవడం నాకు ఇంకొకరు నేర్పాలా అని నామోషీ.

అమ్మకు చదువు రాదు. రోజూ నేనే కాగితం చూసి చెబితే, నా మొహం చూస్తూ వినేది.

ఆసుపత్రిలో చేరిన నాలుగో రోజు మధ్యాహ్నం నర్సు కాగితం మీద చుక్కలు పెట్టి, ఏమాత్రం తేడా కనిపించినా వెంటనే పిలవమని చెప్పి అవతలి మంచాల వైపు వెళ్ళింది. నల్ల గీత కాస్త దిగింది. ఎర్రది కాస్త ఎక్కింది. నేను సంబరపడిపోయాను. అక్కను ఇంటికి ఎప్పుడు తీసుకుపోదామా అని అప్పుడే ఆలోచన మొదలుపెట్టాను.

కాసేపటికి అమ్మ అక్క పాదాలు పట్టుకు చూసి నావైపు తిరిగింది.

"కాళ్ళు చల్లగా ఉండాయప్పా. నర్సమ్మను పిలుద్దామా?"

"జ్వరం దిగితే చల్లగా ఉండవా అమ్మా. గీత చూడు, కిందికి వస్తా ఉండాది. కూర్చో."

ఆమె కూర్చుంది. పాదాలు మాత్రం వదల్లేదు, కొంగుతో రుద్దుతూనే ఉంది.

పొద్దు వాలుతుండగా నర్సు వచ్చి, అక్క చెయ్యి పట్టి చూసి, డాక్టరు కోసం పరుగెత్తింది. దీపాలు పెట్టే వేళకు అక్క పోయింది.

ఎర్ర గీత నాడి అట. జ్వరం దిగుతూ నాడి పైకి పోతుంటే లోపల పేగులో రక్తం పోతోందేమోనని అనుమానించాలట. డాక్టరే చెప్పాడు. ముందే పిలిచి ఉంటే దక్కేదా అని అడిగాను. చెప్పలేనన్నాడు. దక్కేది కాదని అబద్ధమైనా ఆడి ఉంటే బాగుండేది.

అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేవాణ్ణి. ఏడాది తిరిగాక నేనే ఉండబట్టలేక, ఆ కాగితం నాకు సగమే తెలుసునని, మిగతాది తెలియదని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డానని చెప్పేశాను. అమ్మ మగ్గానికి కండెలకు పోగు చుడుతోంది. చేతులు ఆపకుండానే అంది.

"నువ్వు తెలిసినోడివని నమ్మితినప్పా. నా చేతికి తెలిసిందాన్ని నమ్మకపోతిని."

ఆ తర్వాత ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ఒకసారి నమ్మని తన చేతిని మళ్ళీ అడగలేకనేమో, అమ్మ వాళ్ళ నుదుటి మీద చెయ్యి వేసేది కాదు. నన్ను పిలిచి, జ్వరం ఉందేమో చూడమనేది.