బిల్హా కాపీ

కరోనాకి ముందు ఏడాది, వానాకాలం. అప్పుడు నేను బిలాస్‌పూర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. పెద్దాస్పత్రి వ్యాపార్ విహార్ దగ్గర, దానికి చిన్న క్లినిక్కు పక్క ఊరు బిల్హాలో. మా నాన్న రైల్వే లోకో షెడ్డులో రిటైరయ్యారు. ఆస్పత్రిలో నువ్వు చేసేదేటి అని క్వార్టర్ల వాళ్లు అడిగితే, "పేర్లు వెతికిపెడతాను" అనేవాణ్ణి. అబద్ధమేం కాదు.

మా యూనిక్స్ సర్వర్ల మీద ఎన్.ఐ.ఎస్. అనే పద్ధతి నడిచేది. చాలాచోట్ల దాన్ని ఎప్పుడో అటకెక్కించేశారు, మా దగ్గర ఇంకా ఊపిరి పీలుస్తోంది. అసలు జాబితా ఒక్క మెషీన్లోనే ఉంటుంది, దాన్ని మాస్టర్ అంటాం. మిగతా చోట్ల ఉండేవి దాని కాపీలు, స్లేవ్‌లు. ఏది మార్చినా మాస్టర్‌లోనే మార్చాలి. మాస్టర్ ఆ మార్పుని కాపీలన్నిటికీ పంపుతుంది, అది పుష్. మామూలుగా ఇందులో లాగిన్ పేర్లు పెట్టుకుంటారు. నాకు ముందు పనిచేసినాయన పేషెంటు కార్డు నెంబరు, రక్తం గ్రూపు, పడని మందులు కూడా ఇందులోనే పెట్టి వెళ్లిపోయాడు. బిల్హాలో నర్సు కార్డు నెంబరు కొడితే అక్కడి కాపీయే జవాబు చెబుతుంది. మధ్యలో నెట్ లైను తెగినా పని ఆగదు. నాకూ అది బాగానే ఉందనిపించింది.

వానలు మొదలయ్యాక బిల్హా లైను రోజుకి నాలుగుసార్లు పోయేది. ఇక్కడ నేను ఒక్క పేరు మార్చినా పుష్ వెళ్లి బిల్హా గుమ్మం దగ్గర జవాబు కోసం పడిగాపులు పడేది. నాకు ఓపిక తక్కువ. పుష్ ఎవరెవరికి వెళ్లాలో ఒక జాబితా ఉంటుంది, అందులోంచి బిల్హాని తీసేశాను. లైను బాగయ్యాక మళ్లీ పెడదాం, రెండ్రోజులే కదా అనుకున్నాను. ఈ పని చేసేవాళ్లందరూ ఇలా ఏదో ఒక వరస తీసేసినవాళ్లే. లైను బాగైంది. నేను మర్చిపోయాను.

రెండు నెలలు గడిచాయి. బిల్హా సర్వర్ నడుస్తోందా అని రోజూ పొద్దున్న చూసేవాణ్ణి. నడుస్తోంది. అడిగినదానికి జవాబూ చెబుతోంది. తన దగ్గరున్నది పాతదని చెప్పడం దానికి చేతకాదు.

ఈలోగా బిల్హా రైతు ఒకతనికి పెద్దాస్పత్రిలో పెన్సిలిన్ పడలేదు. ఆ సంగతి మాస్టర్‌లో ఎక్కించింది నేనే. తర్వాత నెలలో పొలంలో అతని కాలు తెగింది, బిల్హా క్లినిక్కుకి వెళ్లాడు. అక్కడ నర్సు రవణమ్మ. మా షెడ్డు క్వార్టర్ల పిల్లే, నాకంటే పదేళ్లు పెద్దది, అక్కా అని పిలిచేవాణ్ణి. డాక్టరు రాసిన పెన్సిలిన్ ఇచ్చింది. ఐదు నిమిషాల్లో మనిషి నీలంగా మారిపోయాడు. పెద్దాస్పత్రికి తెచ్చి తొమ్మిది రోజులు ఐసీయూలో పెట్టారు. బతికాడు.

ఆ తర్వాత సోమవారం మధ్యాహ్నం మేనేజరు నన్ను పిలిచి, ఆ కార్డు మీద ఏముందో చూడమన్నాడు. మాస్టర్‌ని అడిగాను. పెన్సిలిన్ పడదు అని స్పష్టంగా ఉంది. "అచ్ఛా, అంటే ఆవిడ చూడనే లేదు," అన్నాడు. నా భుజాలు నేనే తడుముకుంటూ గదికి వచ్చి బిల్హా కాపీని అడిగాను. ఏమీ లేదంది. రెండు నెలల కిందటి కాపీ అది. క్లినిక్కులో ఏ కార్డు ఎప్పుడు వెతికారో రాసుకునే లాగ్ ఉంటుంది. అదీ తెరిచాను. సూదికి ముందు ఆ కార్డు వెతికినట్టు, జవాబు ఏమీ లేనట్టు ఉంది. రవణమ్మక్క చూసింది.

వెంటనే బిల్హాని జాబితాలో పెట్టి పుష్ చేశాను. నిమిషం పట్టలేదు. కానీ నోరు తెరవలేదు. ఊరకున్నంత ఉత్తమం లేదని పెద్దలన్నారు కదా, విచారణ ఎలాగూ జరుగుతుంది, అప్పుడు చెబుదాం అనుకున్నాను. పిరికితనం, ఇంకేం కాదు. మంగళవారం గడిచింది, బుధవారం గడిచింది. గురువారం నిద్రలేని కళ్లతో మేనేజరు దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను.

ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. తొందరలో కార్డు చూడకుండా సూది ఇచ్చానని రవణమ్మక్క రాసి సంతకం పెట్టింది. బుధవారం సాయంత్రం. పేషెంటు వాళ్లకి అది చూపించేశామనీ, ఇప్పుడు ఇంకో మాట చెబితే ఆస్పత్రి పరువు పోతుందనీ అన్నాడు. నేను రాసిచ్చిన రిపోర్టు తీసుకున్నాడు. దాన్ని ఎవరైనా చదివారో లేదో నాకిప్పటికీ తెలీదు. అక్క ఉద్యోగం పోయింది.

ఆదివారం లాగ్ ప్రింటు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఎందుకు సంతకం పెట్టావక్కా అని అడిగాను.

"సూడనేదని రాసిస్తే ఒగ్గేస్తామన్నారు తమ్ముడూ. ముగ్గురు కూకుని సూడనేదు, సూడనేదు అంటంటే నాకే అనుమానం వచ్చీసింది. సూసానా, నేదా అని."

ప్రింటు చేతికిచ్చి, ఆ వరస మీద వేలు పెట్టి చూపించాను. తప్పు నాదని చెప్పాను. చాలాసేపు ఆ వరసే చూసింది. "సూసాను," అంది. నాతో కాదు, తనతో తనే. కళ్లు తుడుచుకుని అడిగింది.

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం."

అక్క లేచి టీ పెట్టింది, తాగాను. ప్రింటు మడిచి తన డ్యూటీ చీరల మధ్య పెట్టుకుంది.

తర్వాత కాపీలన్నీ ఏ రోజువో రోజూ చూసే ఏర్పాటు చేశాను. జాబితాలోంచి ఏది తీసినా గోడ మీద కాగితం అంటిస్తాను. కొత్తగా చేరినవాళ్లకి ఇవే నేర్పుతాను, నేర్చుకుంటారు. బిల్హా కాపీని సరిచెయ్యడానికి నాకు నిమిషం పట్టలేదు. అక్కకి ఫోను చెయ్యడానికీ అంతకంటే పట్టేది కాదు. సోమవారమే చేసుంటే ఆవిడ ఆ సంతకం పెట్టేది కాదు.