ఫ్యాను ఆపి విన్న డాక్టరమ్మ

మా అబ్బాయి కార్తీక్ కాలేజీ నుంచి రాగానే ఫ్రిజ్ తెరిచి, నిలబడి సీసాడు నీళ్లు గటగటా తాగేస్తాడు. వంటింట్లో ఉన్న నాకు ఆ గుటకల చప్పుడు వినిపిస్తుంది. మామూలుగా ఎవరూ పట్టించుకోని చప్పుడది. నేను మాత్రం చేస్తున్న పని ఆపి చివరి గుటక దాకా వింటాను. అప్పుడు నాకు డాక్టర్ సుగుణ గారు గుర్తొస్తారు.

నాచారంలో ఒక మందుల దుకాణం మేడ మీద ఆమెది రెండు గదుల పిల్లల ఆసుపత్రి. జనగామ వైపు మనిషి. నేత చీర, ముడి వేసిన నెరిసిన జుట్టు, గట్టి గొంతు. పిల్లల ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టే ముందు, ఎంత మండే ఎండాకాలమైనా సరే, లేచి ఫ్యాను ఆపేసేవారు. ఫ్యాను ఆగిందంటే బయట బెంచీల మీది తల్లులంతా మాటలు మానేసేవారు. ఆ నిశ్శబ్దంలో ఆమె కళ్లు మూసుకుని వినేవారు. చెమట కారుతున్నా తుడుచుకునేవారు కాదు.

మేము తెనాలి నుంచి వచ్చినవాళ్లం. మా ఆయన ప్రసాద్‌కి నాచారం ఫ్యాక్టరీల్లో ఒకదానిలో ఉద్యోగం. ఉప్పల్ స్టేడియం కొత్తగా వచ్చిన రోజులవి. కార్తీక్ పుట్టిన కొద్ది వారాలకే వాడి ఊపిరిలో చప్పుడు మొదలైంది. పక్కింటివాళ్లు పిల్లికూతలన్నారు. సుగుణ గారు కూడా అదే అనుకున్నారు. "ఈ ఫ్యాక్టరీల పొగల పసిపిల్లలకు ఆయాసం మస్తు మందికి ఉంటది బిడ్డా. ఫికర్ జెయ్యకు" అన్నారు. ముక్కుకి గొట్టం పెట్టి ఆవిరి మందు పట్టించడం మాకు రోజూ పనైపోయింది. అయినా చప్పుడు తగ్గలేదు. పాలు తాగుతూ మధ్యలో వదిలేసి, దగ్గి, అలిసిపోయి నిద్రపోయేవాడు. ఒళ్లు చేయలేదు. పొగే కారణమైతే ఊరే మారిపోదామని, ఉద్యోగం వదిలేసి తెనాలి వెళ్లిపోదామని ప్రసాద్ నిర్ణయానికి వచ్చేశాడు.

వాడికి అన్నం అలవాటు చేసినప్పుడు అసలు భయం ఎదురైంది. మెత్తగా పిసికిన పప్పన్నం గొంతు దిగేది కాదు. ముఖం నల్లబడేది. తల వెనక్కి విరుచుకుని ఊపిరి కోసం కొట్టుకునేవాడు. ఓ రోజు గిన్నెతో సహా ఆసుపత్రికి పరిగెత్తాను.

సుగుణ గారు గిన్నె వైపు చూశారు. "నా ముందట తినిపియ్యి. సూస్త" అన్నారు. కుర్చీ వదిలి, నాకెదురుగా నేల మీద కూర్చున్నారు. వేలి కొసన నలుసంత పెట్టాను. వాడు మింగబోయి తల వెనక్కి వాల్చాడు. నేను కంగారుగా తల సరిచేయబోతే ఆమె నా చేయి పట్టుకున్నారు.

"ఉండు. వాని తల వంచకు. అట్ల పెట్టుకుంటెనే వానికి ఊపిరాడుతున్నది."

లేచి ఫ్యాను ఆపారు. ఈసారి స్టెతస్కోపు ఛాతీ మీద కాదు, మెడ మీద పెట్టారు. చాలాసేపు విన్నారు. కళ్లు తెరిచేసరికి ఆమె ముఖం మారిపోయి ఉంది. తలుపు తెరిచే ఉంది, బయట తల్లులంతా ఉన్నారు. గొంతు తగ్గించకుండానే అన్నారు:

"మాధవీ, నేను తప్పు జేసిన. వీనిది ఆయాసం గాదు. ఊపిరి లోపలికి గుంజేటప్పుడు గూడ చప్పుడొస్తున్నది. గాలి గొట్టాన్ని ఏదో నొక్కుతున్నది. అన్నం గొట్టాన్ని గూడ. ఇన్ని నెలలు నేను పొగ మీదికి నూకిన."

కబురంది అప్పుడే వచ్చిన ప్రసాద్‌కి ఆ మాటలు వినిపించాయి. "ఇన్ని నెలలు మందులు పట్టించి ఇప్పుడు తప్పంటారేంటండీ!" అని అరిచాడు.

"కోపం రావాలె. నన్ను తిట్టు, పడత. కానీ ముందు పిల్లగాన్ని ఎత్తుకో. పెద్దాసుపత్రికి నేను గూడ వస్తున్న" అంటూ ఆమె చెప్పులు వేసుకున్నారు.

అక్కడ వాడికి తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీశారు. తర్వాత స్కానింగ్ చేశారు. ఆ ఫలితం పెద్ద డాక్టర్లు చెప్పినప్పుడు నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. వరండాలో సుగుణ గారు నా జడకున్న రబ్బరు బ్యాండు తీయించారు. తన రెండు వేళ్లు దగ్గరగా పెట్టి, వాటి చుట్టూ దాన్ని తొడిగారు.

"ఇది గాలి గొట్టం, ఇది అన్నం గొట్టం. గుండె నుంచి పెద్ద రక్తనాళం ఒక్కటే వంపు తిరిగి పోవాలె. వీనికి రెండు వంపులున్నయి. ముందట నుంచొకటి, వెనక నుంచొకటి పోయి మళ్ల కలిసినయి. నడుమ ఈ రెండు గొట్టాలు చిక్కినయి."

"కడుపుతో ఉన్నప్పుడు నేనేం పొరపాటు చేశానండీ?" అని ఏడ్చాను.

ఆమె నా కళ్లలోకి చూశారు. "ఏం జెయ్యలే బిడ్డా. తల్లి కడుపుల నాకు గూడ రెండుండె. నీకు గూడ ఉండె. ఈ వరండాల కూసున్న అందరికి ఉండె. ఒకటి దానంతట అదే కరిగిపోతది. వీనికి కరగలే, గంతే."

చుట్టూ చూశాను. గోడకు ఆనుకుని నిద్రపోతున్న ముసలాయన, అరటిపండు ఒలుస్తున్న అమ్మాయి, ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్న మనిషి. వీళ్లందరి లోపలా ఎవరికీ తెలియకుండా ఆ ముడి విడిపోయిందా! ఏ చేయీ తాకకుండా, ఇంతమందికి, ఇంత సరిగ్గా! ఏడుపు ఆగిపోయి, నా గొంతు మీద నేనే చేయి వేసుకుని ఊపిరి పీల్చి చూసుకున్నాను. అంతవరకూ ఊపిరి అంటే నాకు ఆలోచనే లేదు.

ఆపరేషన్ రోజు ఆమె తన ఆసుపత్రి మూసి వచ్చారు. సర్జన్‌ని అడిగి లోపల నిలబడ్డారు. బయటికొచ్చి నా పక్కన కూర్చున్నారు. "సూసిన మాధవీ. రెండిట్ల సన్నదాన్ని కట్టి తెంపిన్రు. తెంపంగనే రెండు కొసలు దూరం జరిగినయి. ఇన్నేండ్ల సంది చదువుకున్నదే గానీ, కండ్లతోని సూసుడు ఇదే ఫస్టు" అన్నారు. అంత అనుభవమున్న మనిషి ముఖంలో మొదటిసారి సముద్రం చూసిన పిల్ల ఆశ్చర్యం.

చప్పుడు వెంటనే పోదనీ, నొక్కుకుపోయిన గొట్టం గట్టిపడడానికి నెలలు పడుతుందనీ ముందే చెప్పారు. అలాగే పట్టింది. ఓ ఉదయం మాత్రం వాడు ఇడ్లీ ముక్క మింగి, ఇంకా కావాలని నోరు తెరిచాడు. మేము తెనాలి వెళ్లలేదు. నేను రామంతాపూర్‌లో ఒక బడిలో లెక్కల టీచరుగా చేరాను.

ఆ తర్వాత పిల్లికూతలతో ఏ పసివాడు వచ్చినా, సుగుణ గారు తల్లిని తన ముందే తినిపించమనేవారు. "ఒక పిల్లగాని విషయంల నేను మోసపోయిన. అందుకే అడుగుతున్న" అని ఆ తల్లులకు చెప్పేవారు.

రాష్ట్రం వచ్చిన ఏడాది ఆమె ఆసుపత్రి మూసేసి, హనుమకొండలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు. వెళ్లేముందు కలిసినప్పుడు, ఎన్నాళ్లుగానో దాచుకున్న ప్రశ్న అడిగాను. "ఆ రోజు అందరి ముందూ తప్పు చేశానన్నారు. జనం రావడం మానేస్తారని భయం వేయలేదా అండీ?"

"ఎందుకెయ్యలే? మస్తు భయమేసింది. కానీ చెప్పకపోతే పిల్లగాడు నా తప్పులనే ఉండిపోతుండె గద బిడ్డా."

రెండేళ్ల కిందట ఆమె పోయారు. నాకు ఆమె అంత చదువూ లేదు, ఆ చెవీ లేదు. కానీ బోర్డు మీద లెక్క సగం చేశాక ఎక్కడో తప్పటడుగు వేశానని తెలిసినప్పుడు, వెనక నలభై జతల కళ్లు ఉన్నాయని గుర్తొస్తుంది. చెరిపేసి ఏమీ ఎరగనట్టు ముందుకు పోవడం తేలికే. అయినా పిల్లల వైపు తిరుగుతాను. "నేను తప్పు చేశాను. మీరూ అదే రాసుకుని ఉంటారు. ఇక్కడి నుంచి మళ్లీ చూద్దాం" అంటాను. ఇన్నేళ్లయినా ఆ మాట అనేటప్పుడు భయం వేస్తుంది. ఆ భయంతోనే చెబుతాను.