సైరన్‌కి ముందు రెండు నిమిషాలు

న్యూజిలాండ్‌లోని పామర్‌స్టన్ నార్త్‌లో నాకు శనివారమంటే పక్కింటి పెద్దాయనతో పోట్లాట. ఆయనది మెల్‌బోర్న్, డెబ్బై దాటాయి, ఒంటరివాడు. నా భార్య చనిపోయి, కూతురు ఉద్యోగానికి ఆక్లాండ్ వెళ్ళిపోయాక, ఓ శనివారం పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టాడు. ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్ అది. బంతిని తన్నొచ్చు, చేత్తోనూ పట్టుకోవచ్చు. ఆట నాకు ఒంటబట్టలేదు గానీ, కోపం మాత్రం ఒంటబట్టింది.

ఆ కోపమంతా చివరి రెండు నిమిషాల మీదే. ఒక జట్టువాళ్ళు నాలుగు పాయింట్లు ముందున్నారంటే చాలు, ఇక గోల్ వైపు చూడరు. తమలో తామే బంతిని అటూ ఇటూ తన్నుకుంటూ, పట్టుకుని నింపాదిగా నిలబడుతూ టైమ్ గడిపేస్తారు.

"ఇదేం ఆటండీ? కావాలని టైమ్ వేస్ట్ చేస్తే బంతి లాక్కుని అవతలివాళ్ళకి ఇచ్చేలా రూల్ పెట్టాలి," అనేవాణ్ణి.

"బంతి ఎవరి చేతిలో ఉంటే టైమ్ వాళ్ళది. కావాలంటే వచ్చి లాక్కోమను," అనేవాడాయన.

రెండేళ్ళుగా ఇదే వాదన. ఇద్దరం ఒక్క మెట్టు దిగలేదు.

ఈ చలికాలంలో ఆయన ఇల్లు అమ్మేశాడు. సోమవారం మెల్‌బోర్న్‌లో కొడుకు దగ్గరికి ప్రయాణం. ఆఖరి శనివారం గదినిండా అట్టపెట్టెలు, మధ్యలో టీవీ, రెండు కుర్చీలు. ఆయన జట్టే గెలుస్తోంది, బంతిని అలాగే తిప్పుతోంది. నేను టీవీ మూలనున్న గడియారాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆట అయిపోయినట్టు సైరన్ మోగింది.

ఆ గడప దాటితే ఇక ఈ ఊళ్ళో నాతో పోట్లాడే మనిషే ఉండడు. భయమేసింది. మన ఇళ్ళల్లో "వస్తానండీ" అన్నాకే గుమ్మం దగ్గర అసలు కబుర్లు మొదలవుతాయి. ఇక్కడ ఒక్క "బై"తో తలుపు పడిపోతుంది. కడిగిన కప్పులే మళ్ళీ కడిగాను. ఆయన వాటినీ, టీ కెటిల్‌నీ పెట్టెలో పెట్టి టేపు వేశాడు. ఆ టేపు సరిగ్గా అంటిందో లేదో నొక్కి చూశాను. షూ లేసులు కట్టి, విప్పి, మళ్ళీ కట్టుకున్నాను. వాన తగ్గాక వెళ్తానన్నాను. బయట వాన లేదు.

ఆయన గోడకి ఆనుకుని అంతా చూస్తూనే ఉన్నాడు.

"ఇప్పుడు పెట్టమంటావా ఆ రూల్?" అన్నాడు.

"వద్దండీ," అన్నాను.

ఆయన నవ్వలేదు. లోపలికెళ్ళి, పెట్టెకి వేసిన టేపు చింపి, కెటిల్ బయటికి తీశాడు.