ఇరవై ఆరు ఓముల తీగ

చలిదేశంలోని మా కుహ్మో ఊళ్లో కరెంటు పని అంటే ఇర్మెలిదే. అరవై దాటినా నిచ్చెన దిగలేదు. నోరు కరుకు, చెయ్యి బంగారం. ఆమె అంటే నాకు ఎంత గౌరవమో ఆ శనివారం చూశాకే తెలిసింది.

మధ్యాహ్నం మా పక్కింటి తౌనో తలుపు బాదాడు. ఎనభై రెండేళ్లు, సోమవారం తుంటికి ఆపరేషన్. ఆ తర్వాత వారాల తరబడి సౌనా, అంటే వేడి గదిలో ఆవిరి స్నానం, కుదరదట. ఇవాళ తప్పితే లేదు. ఆ గదిలోని కరెంటు పొయ్యి చూస్తే నలభై డిగ్రీలు దాటడం లేదు. నేను ఇర్మెలికి ఫోన్ చేశాను.

ఆమె మెయిన్ ఆపి, పొయ్యి మీద పేర్చిన రాళ్లు దించి, లోపల కాగే మూడు తీగలకూ మీటరు పెట్టింది. మొదటిది ఇరవై ఆరు ఓములు, రెండోదీ అంతే. మూడోది ఏమీ చూపలేదు.

"కరెంటుకు అడ్డుపడి కాగడమే దీని పని. ఇది తెగి కూర్చుంది. ఈ రాళ్లు ఎవరు పేర్చారు బాబాయ్?"

"నేనే. కట్టెలు పేర్చినట్టు, వేలు దూరే సందు లేకుండా!"

"బాగానే ఉంది మీ పనితనం! గాలి ఆడక తీగ మాడిపోయింది."

తౌనో ముఖం చిన్నబోయింది. "ఆయిలి వదులుగా పేర్చేది. బద్ధకమని యాభై ఏళ్లు ఏడిపించాను."

ఆయిలి ఆయన భార్య. పోయిన చలికాలంలో చనిపోయింది.

ఆ వేళకు దుకాణాలు మూసేశారు. ఇర్మెలి ఎటో వెళ్లి, గంటకు ఒక తీగను పాత పేపర్లో చుట్టి తెచ్చింది. మీటరు పెట్టింది: ఇరవై ఆరు. బిగించాక తౌనోను స్టూలు మీద కూర్చోబెట్టి, సందులు వదులుతూ రాళ్లన్నీ ఆయన చేతనే పేర్పించింది.

ఆరింటికల్లా ఎనభై డిగ్రీలు. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఆమె తెచ్చిన తీగ కొత్తది కాదు.

"అది మీ పొయ్యిలోదే కదూ?"

"అయితే ఏంటట?"

"మరి నీ శనివారం సౌనా సంగతి?" అన్నాడు తౌనో.

"నా తుంటి బాగానే ఉంది బాబాయ్."

రాళ్ల మీద నీళ్లు పోసి ఆవిరి లేపే ఆయిలి గరిటె తీసి తౌనో ఆమె చేతిలో పెట్టాడు. ఎంతటి చుట్టానికైనా మొదటి ఆవిరి వదలని మనిషి ఆయన.

"ముందు నువ్వెళ్లు."

"నేను బయటికి వచ్చేసరికి మీకు వేడి తగ్గిపోతుంది బాబాయ్."

"తగ్గదులే. సందులున్నాయిగా."

ఆమె లోపలికి వెళ్లింది. తౌనో మెట్టు మీద కూర్చున్నాడు. రాళ్ల మీద నీళ్లు చుయ్యిమన్నాయి. ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆయిలి పేర్చిందే సరైంది," అన్నాడు. "ఒక్కసారైనా దానితో ఆ మాట అనలేదు."