సాయవ్వను ఎక్కించుకుని వెనక్కి పోయిన ఫియట్

కారును వెనక్కి నడపడం చాలామందికి వచ్చు. కానీ ఎదురుగా బ్యాండు మేళం మోగుతుండగా, వెనక సీట్లో దండలు వేసుకున్న మనిషి అందరికీ దండాలు పెడుతుండగా, ముందుకు పోవాలని శాయశక్తులా ప్రయత్నిస్తూ వెనక్కి నడిపిన మనిషి ఆర్మూరు చుట్టుపక్కల నేనొక్కదాన్నే. ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తే మీకు నవ్వుకోవడానికి వీలుగా ఉంటుంది. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. చక్రాలు, గేర్లు, అవి తిరిగే దిశలు నాకు చాలా ఇష్టమైన పాఠం.

ఆ ఫియట్ నాకు ఏర్గట్లలో ఒక రేకుల షెడ్డులో కనబడింది. స్టీరింగు మీద పుంజు కూర్చుని ఉంది. వెనక సీటు నిండా గుడ్లు. కోళ్లను ఖాళీ చేయించి, ట్రాలీ మీద మా కాలేజీ సైకిల్ షెడ్డుకు తెచ్చాను. పిల్లలకు ప్రాక్టికల్స్‌కు పనికొస్తుందని చెబితే ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. పెర్కిట్ నుంచి మెకానిక్ ఖాజా భాయ్ సాయంత్రాలు వచ్చి పని చేసేవాడు. ఒకరోజు కారు కింద నుంచి మొహం బయటికి పెట్టి చెప్పాడు.

"ఇంజిన్‌కు ఫికర్ లేదు మేడమ్. బాడీకి ఫికర్ లేదు. ఎనక యాక్సిల్ల గేరు పండ్లు మొత్తం రాలినయి."

"కొత్తది పెట్టిద్దాం."

"పెట్టాలంటె దొరకాలె గద! గీ కారు బందై ఎన్నేండ్లాయె?"

దొరకకపోవడమేమిటని నేను బయలుదేరాను. నిజామాబాద్ పాత ఇనుము కొట్లు తిరిగాను. హైదరాబాద్ సందుల్లో రెండు సెలవు రోజులు గడిపి, చేతులకు నల్ల గ్రీజు, ముక్కుకు తుప్పు వాసన తప్ప ఏమీ తేలేదు. ఫోన్లో అడిగితే ఒకాయన ట్రాక్టర్ యాక్సిల్ ఫొటో పంపాడు. ఇంకొకాయన ఏకంగా ఫియట్ ముందు దిగిన తన పెళ్లి ఫొటో పంపాడు. "గీ కార్ల ఉండె మేడమ్. గని ఇప్పుడు కారే లేదు" అని దాని కింద రాశాడు. భార్యాభర్తలు బాగున్నారని జవాబిచ్చాను. ఇంకేం చేయను?

ఇంతలో మా అటెండర్ సాయవ్వ రిటైర్మెంట్ దగ్గరపడింది. కాలేజీ పుట్టినప్పటి నుంచి గంట కొట్టింది ఆమే. ఏ క్లాసు ఎప్పుడు మొదలవ్వాలో ప్రిన్సిపాల్ గారికన్నా ఆమెకే బాగా తెలుసు. ఆమెను ఇంటిదాకా సాగనంపడానికి స్టాఫ్‌రూమ్‌లో అందరూ ఆటో మాట్లాడదామా, జీపు మాట్లాడదామా అంటుంటే నా నోరు ఊరుకోలేదు.

"నా ఫియట్‌లో ఊరేగిద్దాం!"

"నడుస్తదా మేడమ్?" అంది టీ గ్లాసులు తీస్తున్న సాయవ్వ.

"పరిగెత్తుతుంది సాయవ్వా."

చూశారుగా. ఏ వైపుకో మాత్రం చెప్పలేదు.

చివరికి దారి చూపింది ఖాజా భాయే. "వేల్పూర్ల గంగారాం తాత ఉన్నడు మేడమ్. ఆయన పసుపు డ్రమ్ముకు ఫియట్ యాక్సిలే కట్టిండని అంటరు. ఒకసారి చూసొస్తరా?"

వెళ్లాను. ఆ రోజు చూసింది ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు కొమ్ములు మట్టిరంగులో, గరుకుగా, ఎవరూ పట్టించుకోని పుల్లల్లా ఉంటాయి. వాటిని డ్రమ్ములో పోసి తిప్పితే ఒకదానికొకటి రాసుకుని పొట్టు రాలిపోతుంది. గంగారాం తాత మోటారు స్విచ్చి వేశాడు. మనిషెత్తు డ్రమ్ము ఏనుగు నడకలా నింపాదిగా కదిలింది. గలగలమని వాన కురిసినట్టు చప్పుడు. కాసేపటికి తాత డ్రమ్ము తలుపు తీస్తే బంగారం కుప్పగా జారింది. మధ్యలో, ఆ బరువంతా మోస్తూ, నేను రెండు జిల్లాలు వెతికిన యాక్సిల్! ఎన్నో ఏళ్లుగా తిరుగుతూనే ఉంది, ఒక్క అడుగు దూరం కూడా పోకుండా. నాకు తెలియకుండానే చెప్పులు విడిచేసి నిలబడ్డాను.

"ముట్టుకో బిడ్డా, కరువదు" అన్నాడు తాత.

"ఇది ఎవరు బిగించారు తాతా?"

"నేనే. డ్రమ్ము మెల్లగ తిరగాలె, బరువు గుంజాలె. కారుల గా పనే జేస్తది గద అని తెచ్చిన. ఈ యేడు కొత్త మిషిన్ తెచ్చుకున్నం. ఇగ ఇదే ఆఖరు పసుపు. తీస్కపో బిడ్డా. గని ఒక్క మాట. ఇది రోడ్డు మీద నడిస్తె నేను చూడాలె."

షెడ్డుకు తెచ్చి యాక్సిల్ మూత విప్పితే గ్రీజు పసుపు పచ్చగా ఉంది. దాని కింద పండ్లు ఒక్కటి కూడా అరగకుండా మెరుస్తున్నాయి. ఖాజా భాయ్ ఒక్కో పన్నునూ వేలితో తడిమి చూశాడు.

అసలు పాపం బిగించేటప్పుడు జరిగింది. యాక్సిల్‌కు ఒక పక్కనే అతుకులున్నాయి, కారు బరువును మోసే కమాన్ పట్టీలు కూర్చోవడానికి సరిపోయేట్టుగా. ఖాజా భాయ్ దాన్ని అటూ ఇటూ దొర్లించి చూశాడు.

"మేడమ్, గిది గిట్ల పెట్టాల్నా, గట్ల పెట్టాల్నా? నాకు జర డౌటుంది."

"అతుకులున్న పక్క పైకి రావాలి భాయ్. ఇంత చిన్నదానికి డౌటేమిటి?" అన్నాను, బోర్డు ముందు నిలబడినప్పటి గొంతుతో.

సాయవ్వ వీడ్కోలు సభ రోజు పొద్దున పని పూర్తయింది. కారు వెనక భాగాన్ని జాకీల మీద లేపి ఇంజిన్ స్టార్ట్ చేశాం. చక్రాలు తిరిగాయి! రయ్యిమని తిరిగాయి! నాకు కళ్లనీళ్లు ఆగలేదు. చక్రాలు ఎటు తిరుగుతున్నాయో ఆ నీళ్లలో కనబడలేదు.

"ఒక్క రౌండ్ కొట్టి చూద్దాం మేడమ్" అన్నాడు ఖాజా భాయ్.

"బంతిపూలు కట్టేశాం భాయ్. దండలు తెగిపోతాయి."

కారును పిల్లలు వేదిక ముందుకు తోశారు. ఉపన్యాసాలయ్యాయి, శాలువాలయ్యాయి. సాయవ్వ కొత్త చీరలో, మెడ నిండా దండలతో వెనక సీట్లో కూర్చుంది. ఎదురుగా బ్యాండు అందుకుంది. నేను మొదటి గేరు వేసి క్లచ్ వదిలాను. కారు వెనక్కి బయలుదేరింది.

బ్యాండువాళ్లు చిన్నగా అయిపోతున్నారు. వరండా మెట్టు తగిలి ఆగాం. నెత్తిన కాలేజీ గంట.

"ఏమన్న మర్సిపోయిండ్రా మేడమ్?" అంది సాయవ్వ.

"గేరు తప్పు పడింది సాయవ్వా." పిల్లలు మళ్లీ ముందుకు తోశారు. రెండో గేరు వేశాను. ఈసారి ఇంకాస్త జోరుగా అదే మెట్టు దగ్గరికి, అదే గంట కిందికి వచ్చాం. షామియానా తాడొకటి తెగింది. బ్యాండు వాయిస్తూనే మా వెంట పరిగెత్తుకొచ్చింది. మళ్లీ తోశారు. బుద్ధున్నవాళ్లు అక్కడితో ఆపేవాళ్లు. నేను మూడో గేరు వేశాను. దాని గురించి వివరంగా చెప్పను. వరండాలో ఉన్న అధ్యాపకులందరూ ఒక్క గెంతులో స్టాఫ్‌రూమ్‌లో ఉన్నారని మాత్రం చెబుతాను.

సాయవ్వ తల పైకెత్తి గంట వైపు చూసింది.

"గిది నన్ను పోనిస్తలేదు మేడమ్" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ప్రిన్సిపాల్ గారు మైకు పట్టుకున్నారు. "చూస్తున్నారా! ఇనుముకు కూడా మనసుంటది! మన సాయవ్వను పంపడానికి ఈ కారుకు కూడా ప్రాణం ఒప్పుతలేదు!" ఆడపిల్లలు వెక్కి వెక్కి ఏడ్చారు. అంత మంచి సభలో అసలు సంగతి తెలియక బిక్కచచ్చి కూర్చున్నది నేనొక్కదాన్నే.

అప్పుడు గుంపులోంచి తువ్వాలు భుజాన వేసుకుని గంగారాం తాత వచ్చాడు. వంగి కారు కిందికి చూశాడు. అక్కడే కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

"బోర్లించింది బోర్లించినట్టే పెట్టిన్రా బిడ్డా!"

"అంటే?"

"మోటరు సీద తిరిగితె డ్రమ్ము ఉల్ట తిరుగుతుండె. గందుకే యాక్సిల్‌నే బోర్లేసి, పాత అతుకులు కోసి గీ పక్క కొత్తయి ఏసిన. కారుకు పెట్టాలంటె మల్ల ఎల్లకిల ఎయ్యాలె."

"నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా తాతా?"

"ఫిజిక్స్ మేడమ్‌కు నేను జెప్పుడా?"

నేను పన్నెండేళ్లుగా బొమ్మ గీసి చెబుతున్న పాఠాన్ని ఆయన ఇనుముతో రాశాడు. ఆ క్షణంలో సిగ్గు కూడా వేయలేదు. స్టీరింగు వదిలి ఆయనకు రెండు చేతులూ జోడించాను.

"ఇగ రివర్స్ గేరు ఎయ్యి" అన్నాడు.

వేశాను. ఫియట్ ముందుకు కదిలింది! ఈలలు, చప్పట్లు. ముందుకు పోయే గేరు అదొక్కటే కాబట్టి బ్యాండు ఎంత నెమ్మదిగా నడిస్తే మేమూ అంతే నెమ్మదిగా పోయాం. గుర్రుమని మూలుగుతున్న కారు పక్కన గంగారాం తాత బానెట్ మీద చెయ్యి వేసి నడిచాడు. పసుపు బస్తాల బండ్లు పక్కకు తప్పుకుని దారిచ్చాయి. ఇళ్లలోంచి జనం బయటికి వచ్చి సాయవ్వకు దండాలు పెట్టారు. రాణిగారు కూడా అంత తీరిగ్గా ఊరేగి ఉండరు.

మరుసటి వారమే యాక్సిల్‌ను వెల్లకిలా వేయించి, నాలుగు గేర్లూ ముందుకే పోయేట్టు చేయించాను. రెండు నెలలకు ప్రిన్సిపాల్ గారు రిటైరయ్యారు. పోయిన పరువు రాబట్టుకుందామని ఆయన్ని జుయ్యిమని ఐదు నిమిషాల్లో ఇంటి ముందు దింపాను. బ్యాండు ఇంకా కాలేజీ గేటు కూడా దాటలేదు. ఆయన దిగారు, దండలు సర్దుకున్నారు, నా వైపు ఎంతో బాధగా చూశారు.

"సాయవ్వనైతే మూడుసార్లు ఎన్కకు తీసుకపోయిండ్రు మేడమ్. నన్ను ఒక్కసారన్న తీసుకపోరాదా?"

అందుకని ఈ పాఠకులందరి సాక్షిగా, ఎడమ చెయ్యి స్టీరింగు మీద, కుడి చెయ్యి గుండెల మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక నా బతుకులో ఏ చక్రం తిరిగినా, ముందు అది ఎటు తిరుగుతుందో చూసుకుని, ఆ తర్వాతే ఏడుస్తాను.