దమ్ము కోసం బీడీ

1974. హుస్సేనీ ఆలం దగ్గర ఒక ఆసుపత్రిలో మగవాళ్ల మెడికల్ వార్డుకు నేను సిస్టర్‌ని, అంటే అక్కడి నర్సులందరికీ పెద్దదాన్ని. మా దగ్గర చేరేవాళ్లలో ఉబ్బసం రోగులే ఎక్కువ. పాతబస్తీలో దాన్ని ‘దమ్ము’ అంటారు. బీడీ లాగినా దమ్మే, కాస్త అలుపు తీర్చుకున్నా దమ్మే. ఒక్క మాటతో ఇంత చాకిరీ చేయించుకునే ఊరు ఇంకోటి ఉండదేమో!

స్టాఫ్ నర్సు శాంతమ్మ బంగారం లాంటి మనిషి. ఆమె సూది వేస్తే చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కానీ బీడీ తాగేది. ఆసుపత్రి నర్సులందరికీ పై అధికారి మేట్రన్ ఒకసారి పట్టుకుని, మళ్లీ కనబడితే ఉద్యోగం ఊడుతుందని చెప్పేసింది. శాంతమ్మ ఇంకా టెంపరరీ. ఇంటికి ఆమె జీతమే ఆధారం. అయినా మధ్యాహ్నం కాగానే వెనక మెట్ల దగ్గరికి మాయమయ్యేది. నాకు ఒళ్లు మండేది, ఆమె గురించి భయమూ వేసేది.

“దమ్ము రోగులకు బీడీలు బంద్ చేయమని చెప్పే నోరేనా గిది?” అని ఒకరోజు మెట్ల దగ్గరే నిలదీశాను.

“నోటి కోసం గాదక్కా, కాళ్ల కోసం. వార్డుల కూసుంటే ఒక్కడన్న ఊకుంటడా? బెడ్‌ప్యాన్ అంటడు, నీళ్లంటడు. చేతిల బీడీ ఉంటెనే ఎవ్వరు పిలువరు. జర దమ్ము తీసుకుంట,” అంది.

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే మనసు చివుక్కుమంది.

మరునాటి నుంచి మధ్యాహ్నం ఆమెకు ‘రిలీఫ్’ ఇచ్చాను, అంటే కాసేపు ఆమె రోగులను నేను చూసుకోవడం. దుప్పట్ల గదిలో కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, తలుపు దగ్గరికి వేశాను. బీడీ కోసం నోరు పీకితే నమలడానికి లవంగాలు. ఎవరడిగినా, “శాంతమ్మ దమ్ము తీసుకుంటుంది” అనేదాన్ని.

ఆ మాట విన్న రహీం భాయ్, పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం నడిపే ఉబ్బసం రోగి, రొప్పుకుంటూ వెళ్లి తలుపు కొట్టాడు. “అరె నర్సమ్మా, మీకు గూడ దమ్ము లేసిందా? ఫికర్ జేయకుండ్రి, నా దమ్ము గోలీ ఉంది, తీసుకోండ్రి!”

వార్డంతా ఒకటే నవ్వు. శాంతమ్మ నవ్వాపుకోలేక కళ్లు తుడుచుకుంటూ వచ్చి ఆయన్నే మంచం ఎక్కించింది.

మొదట్లో బీడీ లేక అందరి మీదా కస్సుమనేది. ఒకసారి మళ్లీ మెట్ల దగ్గరికి వెళ్లింది కూడా. నేను తిట్టలేదు, కుర్చీ తీయలేదు. మెల్లగా బీడీ పోయింది. పర్మనెంట్ ఆర్డరు వచ్చిన రోజు వార్డంతా మిఠాయి పంచింది. నాకైతే నాకే వచ్చినంత సంబరం.

ఆ తర్వాత బీడీ వాసన వచ్చే నర్సు ఎవరు కనబడినా ఉపన్యాసం మొదలుపెట్టలేదు. “పొద్దుగాల్నుంచి ఎప్పుడన్న కూసున్నవా బిడ్డా?” అని అడిగేదాన్ని. చాలామందికి జవాబుకన్నా ముందు కన్నీళ్లొచ్చేవి.