లాయరుగారి కమీషను

లాయర్లందరూ ఒకటేనని నేను అనను. కానీ ఈ వీరాంజనేయులు గురించి ఒక్క మంచి మాట చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు.

ప్రత్తిపాడు దగ్గర మా పేటలో మిరపకోతల ముఠాకి ప్రేమమ్మ మేస్త్రి. తెల్లవారకముందే ఆటో మాట్లాడి ఆడవాళ్లను పొలానికి చేర్చేది. రైతుతో కూలి బేరమాడి, ఎండలో వాళ్లతోపాటే కాయ కోసేది. ఎవరైనా కూలి ఎగ్గొడితే వాళ్ల గుమ్మంలో కూర్చుని కక్కించేది. అందుకు తలకి ఇంతని కమీషను తీసుకునేది. ఆ కమీషను గురించి ఎవరూ గొణగలేదు.

కోతలు లేనప్పుడు జిన్నింగు మిల్లుకి వెళ్లేది. అక్కడే పత్తిలో గింజ తీసే మిషను ఆమె కుడిచేతి వేళ్లను లాగేసుకుంది. "ఆవిడ మా మనిషే కాదు," అన్నాడు మిల్లు యజమాని. ఆ నోరు పడిపోనూ!

నష్టపరిహారం కేసు వేస్తానంటూ గుంటూరులో ఈ వీరాంజనేయులు తగిలాడు. "నువ్విప్పుడు పైసా ఇవ్వక్కర్లేదమ్మా. వచ్చినదాంట్లో మూడోవంతు నాది," అన్నాడు. ప్రేమమ్మ వెంటనే ఒప్పుకుంది. ఆమెకు తెలిసిన కమీషను మేస్త్రి కమీషనే మరి. ఈయనా అలాగే వెంట నిలబడతాడనుకుంది. వచ్చే పరిహారంలో వాటా మాట్లాడుకోవడం లాయర్ల నియమాల ప్రకారమే తప్పనీ, ఫీజు ఇంతని ముందే తేల్చుకోవాలనీ ఆమెకు ఎవరు చెప్తారు? అతనికి తెలుసు. చెప్పలేదు.

పైసా వద్దన్న పెద్దమనిషి తర్వాత కాగితాల ఖర్చన్నాడు, స్టాంపులన్నాడు. వాయిదా రోజున ఆమె బస్సెక్కి లేబరాఫీసుకి వెళ్తే అక్కడ ఈయనగారు ఉండడు. జూనియరు మాధురి ఫైలు పట్టుకుని పరిగెత్తుకొచ్చేది. ప్రేమమ్మ తమ దగ్గర పనిచేసిందని మిల్లు మేనేజరు చేత ఒప్పించింది కూడా ఆ పిల్లే.

చివరికి పరిహారం మంజూరై డబ్బు నేరుగా ప్రేమమ్మ ఖాతాలో పడింది. పడిన మర్నాడే వీరాంజనేయులుకి మా పేట దారి తెలిసింది. మాధురిని వెంటబెట్టుకుని కారు దిగాడు.

ప్రేమమ్మ ఆ డబ్బుతో కారం మర పెట్టుకోవాలనుకుంటోంది. కాయ కొయ్యలేని చేతికి ఇక అదొక్కటే బతుకుతెరువు. మూడోవంతు పోతే మర రాదు.

"మాటంటే మాటేనమ్మా. పద బ్యాంకుకి," అన్నాడు లాయరు.

"మేస్త్రి పొలానికి రాకపోతే మా దాంట్లో కమీషను లేదండి," అంది ప్రేమమ్మ.

"కూలిపనీ కోర్టు పనీ ఒకటేనా? నేను లేకపోతే నీకు చిల్లిగవ్వ వచ్చేదా?"

ఆమె తన మొండిచేతిని అతని మొహం ముందు పెట్టింది. "ఇది నా వేళ్లకిచ్చిన డబ్బు సార్. ఇందులో మీ వేలు ఏదో చూపించండి."

పక్కింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న నాకు భలే సంతోషం వేసింది, దాచుకోను.

ప్రేమమ్మ కొంగు ముడి విప్పి, నోట్లు తీసి మాధురి చేతిలో పెట్టింది. "వాయిదాకి ఇంతని లెక్కేశానమ్మా. వచ్చింది నువ్వు. తీసుకో."

మాధురి సీనియరు వంక చూడకుండానే తీసుకుంది. అతని మొహం కందగడ్డయింది.

"నీ మీద కేసు వేస్తా! కోర్టుల చుట్టూ తిప్పుతా!"

"వెయ్యండి సార్," అంది ప్రేమమ్మ. "ఈసారన్నా వాయిదాకి మీరే రండి."